మూడో అంతస్తు వైరు

సోమవారం పొద్దున ఓట్ల గంజి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, టైనా తన తెర మీద పలక తెరిచింది. మూడో అంతస్తు వాళ్ళందరూ ఒకరికొకరు రాసుకునే చోటుకి పలక అని పేరు. రాత్రి ఎవరో రాసిన జోకుల కింద యుర్కి కొత్తగా రాసింది కనిపించింది.

"క్రిస్మస్ సెలవుల తర్వాత నుంచి వైరు సరిగ్గా నడవడం లేదు. టైనా కార్డే కారణమని నా అనుమానం. గురువారం సూప్ దగ్గర ఓటు వేసి తేల్చుకుందాం. ఎవరినీ నొప్పించాలని కాదు."

చివరి వాక్యం చదివాకే ఆమెకి నొప్పి తెలిసింది. చెంచా నోట్లోనే ఉంచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది. రెండోసారికి కూడా తన పేరే ఉంది.

ఫిన్లాండులోని ఔలు ఊళ్ళో, నది ఒడ్డున, విద్యార్థుల హాస్టల్ అది. గోడగోడకీ బెజ్జం కొట్టి, ఒకే ఒక్క నల్ల వైరుని గదిగదిలోంచి లాగారు. దండలో దారంలాగా. ప్రతి గదిలోనూ ఇంగ్లీషు T అక్షరంలాంటి ఒక టీ ముక్క, దానికి ఒక కంప్యూటరు, కంప్యూటరు లోపల వైరుతో మాట్లాడే ఒక కార్డు. వైరు ఎక్కడ ఊడినా అందరికీ ఊడినట్టే. ఒక చివర యుర్కి గది, దాని పక్కది టైనాది. యూనివర్సిటీ నుంచి వచ్చే లైను అతని కంప్యూటరుకే తగిలించి ఉంటుంది కాబట్టి అంతస్తు మొత్తం ఉత్తరాలు అతని గదిలోంచే రావాలి, అతని గదిలోంచే పోవాలి.

ఆ వైరు రాకముందు మూడో అంతస్తులో మనుషులున్నారని రుజువేమీ లేదు. వరండాలో ఎదురుపడితే ఇద్దరూ తమ మేజోళ్ళ వైపు చూసుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు. చివరిసారి ఎవరో ఎవరి తలుపో తట్టింది వంటింట్లో మంటలు లేచినప్పుడు. అప్పుడు కూడా తట్టినవాడు ఇబ్బంది పెట్టినందుకు క్షమించమని చీటీ అంటించి పోయాడట. అలాంటివాళ్ళు వైరు పడ్డ వారంలో వాగుడుకాయలైపోయారు. గోడకి అవతల ఉన్న మనిషికి, గోడ మీద తడితే వినపడే మనిషికి, పేజీలు పేజీలు రాసుకునేవాళ్ళు. టైనా కూడా అంతే. ఈ అంతస్తులో ఆమెకున్న స్నేహాలన్నీ ఆ వైరులోనే ఉన్నాయి.

గిన్నె కడుక్కోవడానికి వంటింట్లోకి వెళితే తోర్స్తి ఉన్నాడు. టైనాకి రెండో పక్క గది అతనిదే. ఫ్రిజ్ తెరిచి, నాలుగు తరాల విద్యార్థుల నుంచి వారసత్వంగా వచ్చిన ఉప్పుచేపల సీసా వైపు భక్తిగా చూస్తున్నాడు.

"చదివావా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"చదివా."

తోర్స్తి ఫ్రిజ్ మూసి కాఫీకి నీళ్ళు పెట్టాడు.

"తప్పు నీది కూడా ఉందే. వైరులో మాటకి మాట తగిలే ఢీలు ఎక్కువవుతున్నాయి, ఎందుకో చూడండని పలక మీద రాసింది ఎవరు? నువ్వే. పొగ వస్తోందని అరిచినవాడి చేతిలోనే అగ్గిపెట్టె ఉందంటారు లోకులు."

"నా కార్డు లెక్క చూపించింది. చూపించింది రాశా."

"నీ కార్డుకి డబ్బా కూడా లేదు. మూతపడ్డ షాపు తొట్టిలో ఏరుకొచ్చావ్. యుర్కి కార్డు చూడు, మెరుపుల డబ్బాలో వచ్చింది. డబ్బా ఉన్న కార్డు మాటా, డబ్బా లేని కార్డు మాటా, ఏది నమ్ముతారు జనం?"

"ఓటు నాకు ఎదురుతిరిగితే?"

"నియమం యుర్కి రాసిందే. ఓటులో ఓడినవాళ్ళ గదిలో వైరు ఉండకూడదు. నా కిటికీలోంచి యుర్కి కిటికీలోకి, బయటి నుంచి లాగుతారు."

"టీ ముక్క పీకేస్తే చాలదా?"

"వైరు కళ్ళముందుంటే మనిషికి ఆశ పుడుతుందట. అదీ నియమంలోనే ఉంది."

టైనా గిన్నె తుడుస్తూ తన కిటికీ ఊహించుకుంది. మంచుపట్టిన అద్దం. అద్దానికి అవతల, బట్టలారేసుకునే తాడులా, అందరి కబుర్లూ దాటిపోతూ ఉంటాయి.

ఆ మధ్యాహ్నమే కంప్యూటరు మూత విప్పింది. అప్పట్లో కార్డుని మాట వినేలా చెయ్యడమంటే ముందు దాన్ని చేతిలోకి తీసుకోవాలి. స్క్రూలు సాసర్లో వేసి, గదిని వెచ్చబెట్టే రేడియేటరుని ముట్టుకుని చేతుల్లో కరెంటు వదిలించుకుని, కార్డుని అంచులు పట్టుకుని పైకి లాగింది. బొటనవేలు గోరంత ప్లాస్టిక్ క్లిప్పులు రెండు. అవి ఏ పుల్లల మీద ఉంటే కార్డు ఆ నంబరు మీద పలుకుతుంది. కనుబొమలు పీకే పట్టకారుతో ఒక క్లిప్పు తీసి పక్క పుల్లల మీద పెట్టింది. సౌండు కార్డు, ఇదీ ఒకే నంబరు మీద కొట్టుకుంటున్నాయేమో అని అనుమానం. కావు. మళ్ళీ మార్చింది.

తర్వాత డ్రైవరు, అంటే కార్డుని నడిపించే ప్రోగ్రాము. ఆమె వాడేది ఉచితంగా దొరికే యూనిక్స్ లాంటి వ్యవస్థ. పాతిక ఫ్లాపీల మీద వచ్చింది, అందులో ఒకటెప్పుడూ చెడిపోయే ఉంటుంది. ఏ కార్డు, ఏ నంబరు, ఏ చిరునామా, అన్నీ ఒక ఫైల్లో వరసగా రాసి, ఆ వ్యవస్థకి గుండెలాంటి కెర్నల్ మొత్తాన్ని మళ్ళీ తయారు చేసుకోవాలి. ఆమె కంప్యూటరు మీద కెర్నల్ తయారవడం మొదలైతే మధ్యలో ఋతువులు మారేవి. జనం పుట్టేవాళ్ళు, పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు. టైనా ఆజ్ఞ కొట్టి, తెర మీద వరసలు కదలడం చూసి, స్కీలు భుజాన వేసుకుని గడ్డకట్టిన నది మీదికి వెళ్ళిపోయింది. మాట నోట్లోంచి బయటికొస్తే కిందపడి పగిలేంత చలి. తిరిగొచ్చేసరికి తెర మీద వరసలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. తెర వెనక చేతులు పెట్టి వేళ్ళు కాచుకుంది. దుమ్ము వేడెక్కిన వాసన. డిస్కు గరగర. లోపల ఎవరో గింజలు విసురుతున్నట్టు.

మంగళవారం పొద్దుటికి తయారైంది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే, తెల్ల అక్షరాల వరసల్లో తన కార్డు పేరు తన నంబరుతో సహా వచ్చింది. ఆ ఒక్క వరస కనిపిస్తే చాలు, ఎంత చూసినా తనివి తీరేది కాదు ఆ రోజుల్లో. పలక తెరిచింది, ఉత్తరాలు లాగింది. ఢీల లెక్క చూసింది.

ఎప్పటిలాగే. ఇంకాస్త ఎక్కువే.

అప్పుడు తలుపు చప్పుడైంది. టైనా ఉలిక్కిపడి లేచింది. ఎదురు గది సోయిలి, ఉన్ని స్వెటర్ చేతులు పిడికిళ్ళ మీదికి లాక్కుని, గడప అవతల నిలబడి ఉంది. వంటింట్లో మంటల తర్వాత ఆ అంతస్తులో ఇదే మొదటి తలుపు చప్పుడు.

"నేను నీకు వ్యతిరేకం కాదు," అంది సోయిలి, నేల వైపు చూస్తూ.

"సరే."

"ట్రాంసో నుంచి ఉత్తరం రావాలి. మూడు ముక్కలై వస్తోంది. నిన్న 'నేను నిన్ను' దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాతేం రాశాడో తెలీదు. నిద్రపట్టలేదు."

"మంచి మాటే అయ్యుంటుందిలే."

"నార్వేవాడు, చెప్పలేం." సోయిలి స్వెటర్ చేతులు ఇంకా లాక్కుంది. "ఒక్క గంట నీది ఆపేస్తావా? లాక్కుని చెప్తా."

టైనా ఆమె కళ్ళముందే మీట నొక్కి ఆపేసింది. డిస్కు గరగర సన్నగిల్లి ఆగిపోయింది. గదిలో అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ గంటా గడిపింది.

సోయిలి మళ్ళీ తలుపు తట్టింది. ఒక్క రోజులో రెండుసార్లు. ఆ అంతస్తు చరిత్రలో దుబారా అంటే ఇదే.

"సగమే వచ్చింది. పూర్తిగా ఆపావా?"

"ఆపా. చూడు, నల్లగా ఉంది."

"ఇంకాస్త గట్టిగా ఆపి చూడవా?"

టైనా లేచి వెళ్ళి గోడలోంచి ప్లగ్గు కూడా పీకి చేత్తో పట్టుకుని చూపించింది. సోయిలి తృప్తిపడి వెళ్ళిపోయింది. ప్లగ్గు చేతిలో పట్టుకుని టైనా అక్కడే నిలబడింది. తనది ఆగిపోయి ఉంది. అయినా సగమే వచ్చింది.

బుధవారం భోజనాలయ్యాక యుర్కి గదికి వెళ్ళింది. యుర్కి మంచివాడు. అందరి కంప్యూటర్లూ తనే బాగుచేసి పెడతాడు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. ఆ వైరు ఆలోచన అతనిదే. అతనిలో ఒకటే లోపం. ఎదుటివాడు నోరు తెరవగానే వాడేం చెప్పబోతున్నాడో అతనికి తెలిసిపోతుంది. అందుకని వాడి తరఫున తనే చెప్పేస్తాడు.

"రా, రా. కాఫీ తాగుతావా? నువ్వు బాధపడుతున్నావని తెలుసు."

"బాధ కాదు, ఒకటి చూడాలని..."

"కార్డు సంగతేగా. నీ తప్పు కాదు, కార్డు తప్పు. తొట్టిలో దొరికినవి అంతే. కూర్చో. పాలు పోశా, చక్కెర నువ్వే వేసుకో. చూడు, మంచి కార్డు ఎలా ఉంటుందో చూపిస్తా."

కీబోర్డు ముందుకి లాక్కుని ఆజ్ఞ కొట్టాడు. తెర మీద అతని కార్డు లెక్కలు వచ్చాయి. ఎన్ని పంపింది, ఎన్ని అందుకుంది. ఆ చివర, ఢీల కింద, సున్నా.

"సున్నా," అన్నాడు యుర్కి, పసిపిల్లని చూపించినట్టు. "క్రిస్మస్ నుంచి ఇవాళ్టిదాకా ఒక్కటి కూడా లేదు. శుభ్రంగా ఉంది. ఇప్పుడు నీది చూస్తే వేలల్లో ఉంటాయ్. మరి ఎవరు గొడవ చేస్తున్నట్టు?"

టైనా ఆ సున్నా వైపు చూసింది. కప్పు పైకెత్తింది కానీ తాగలేదు. బీరువా మీద ఆ కార్డు తాలూకు మెరుపుల డబ్బా ఉంది. వెళ్ళేదాకా ఆమె చూపు దాని మీదే ఉంది. డబ్బా మీద రెండు బాణాలు, ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకేసారి దూసుకుపోతున్నట్టు బొమ్మ. రెట్టింపు వేగమట.

గదికొచ్చి, ఆ రకం కార్డుల డ్రైవరు గురించి కంప్యూటర్లోనే ఉండే వివరం తెరిచి, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. అలాంటివి ఎవరూ చివరిదాకా చదవరు. రాసినవాళ్ళు కూడా చదివుండరు. ఆమె చదివింది.

ఆ వైరు మర్యాద ఒకటే. మాట్లాడే ముందు విను. ఎవరూ మాట్లాడకపోతేనే మాట్లాడు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఢీ. ఇద్దరూ నోరు మూసుకుని, ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఆగి, మళ్ళీ మొదలెట్టాలి. ఫిన్లాండులో పుట్టినవాళ్ళకి ఇది నేర్పే పనే లేదు. కానీ కొత్త కార్డులకి ఇంకో పద్ధతి కూడా వచ్చు. పోవడానికో దారి, రావడానికో దారి వేరువేరుగా ఉండే కొత్తరకం వైర్ల మీద వినాల్సిన పని లేదు, ఒకేసారి మాట్లాడుతూ వినొచ్చు. డ్రైవరు వరస చివర ఒక్క మాట చేరిస్తే కార్డు ఆ పద్ధతిలోకి మారుతుంది. ఆ వివరం అడుగున, ఎవరూ చేరుకోని లోతులో, ఒక వాక్యం ఉంది. అందరూ పంచుకునే ఒంటి వైరు మీద ఈ మాట వాడకండి. వాడితే కార్డు ఎవరినీ వినదు. ఢీలని లెక్కపెట్టదు.

టైనా కుర్చీలో వెనక్కి వాలింది. ఇరుకు సందులో రోజూ సైకిలు తొక్కుతూ, నాకెవరూ ఎప్పుడూ ఎదురురాలేదు అని ఒకడంటే, వాడు కళ్ళు మూసుకుని తొక్కుతున్నాడని అర్థం. ఈ వైరు మీద ఎవరి లెక్కలోనైనా సున్నా ఉండటం కుదరని పని. వేలకొద్దీ దెబ్బలు తిన్న కార్డు తనది. లెక్కపెట్టుకున్నందుకు తనది దొంగ కార్డయింది.

సాయంత్రం వరండాలో యుర్కి చెత్త సంచీతో ఎదురొచ్చాడు. టైనా తప్పుకోలేదు. అతను కంగారుపడ్డాడు.

"యుర్కీ, నీ సున్నా ఉందే, అది..."

"సున్నా కన్నా తక్కువ రాదు టైనా. నేను చూశా." నవ్వాడు.

"అది కాదు. నీ డ్రైవరు వరసలో చివరి మాట..."

"నా వరస జోలికి ఎందుకు? నడుస్తున్నదాన్ని కెలక్కూడదు. ముందు నీది సరిచేసుకో, తర్వాత..."

"నన్ను చెప్పనీ."

"నువ్వేం చెప్తావో నాకు తెలుసమ్మా. ఓటు వాయిదా వెయ్యమంటావు. నాకూ ఇష్టం లేదు ఇదంతా, కానీ నియమం నియమమే కదా."

సంచీ ఎత్తుకుని ఆమె పక్కనుంచి, గోడకి ఒరుసుకుంటూ వెళ్ళిపోయాడు. టైనా నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది.

గురువారమంటే బఠాణీ సూప్. హాస్టల్ చూసుకునే కెర్తూ మామ్మ పొద్దుటి నుంచి పెద్ద కుండలో ఉడకబెట్టేది. ఆ సూప్‌లో చెంచా నిలబడుతుంది. కూర్చోమన్నా కూర్చోదు. ఆవాల ముద్ద, ఉల్లిపాయ ముక్కలు, తర్వాత జామ్ వేసిన పాన్‌కేకు. అంతస్తు మొత్తం బల్ల చుట్టూ చేరి, ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకుంటూ తింది.

పాన్‌కేకు అయ్యాక యుర్కి లేచాడు. చెప్పాల్సింది చెప్పాడు. మర్యాదగా, టైనా పేరు తీసుకున్న ప్రతిసారీ ఆమెకి చిన్నగా తల వంచుతూ.

"నాదొక మాట," అంది టైనా. "అందరి లెక్కలూ ఒకసారి చూద్దాం. ఎవరెవరికి ఎన్ని ఢీలో..."

"లెక్కలు చూశాం. నీకు అందరికన్నా ఎక్కువ. నాకు సున్నా," అన్నాడు యుర్కి.

"ఆ సున్నా గురించే చెప్తున్నా. ఒంటి వైరు మీద..."

"ఒంటి వైరు మీద ఒక్క కార్డు చెడితే అందరికీ చెడుతుంది. టైనా చెప్పేది నిజమే. అందుకే మనం ఇక్కడ కూర్చున్నాం."

బల్ల చుట్టూ తలలు ఊగాయి. టైనా చుట్టూ చూసింది. ఆ మొహాల్లో పగ లేదు. అందరూ తమ ఉత్తరాలు రాకపోవడం గురించి ఆలోచిస్తున్నారు, అంతే. ఇలాంటప్పుడు ఇంకోసారి గొంతు పెంచడం ఆమెకి చేతకాదు. అక్కడున్న ఎవరికీ చేతకాదు.

చేతులు లేచాయి. సోయిలి చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా, మోచేతి దాకా మాత్రమే లేచింది. తోర్స్తి చెయ్యి ఎత్తలేదు.

"నువ్వు?" అన్నాడు యుర్కి.

"నేను మూడో పాన్‌కేకు తింటున్నా. రెండు చేతులూ పనిలో ఉన్నాయి."

"మీరు పిల్లలు కొట్టుకుని చావండి గానీ గిన్నెలు కడగండి," అంది కెర్తూ మామ్మ.

పగటి వెలుగు ఉండగానే వైరు మార్చాలనుకున్నారు. ఒక ఇబ్బంది వచ్చింది. వైరు చివర కనెక్టరు బిగించడం ఆ అంతస్తులో ఒక్క టైనాకే సరిగ్గా వచ్చు. యుర్కి బిగించినవి దగ్గితే ఊడిపోయేవి. అతను వైరు చుట్ట పట్టుకుని ఆమె గడపలో నిలబడ్డాడు. అడగడానికి అతనికి మాట రాలేదు. జీవితంలో మొదటిసారి అయ్యుంటుంది.

టైనా చెయ్యి చాచింది.

మంచం మీద కూర్చుని, వైరు పైతోలు వేలి గోరంత మేర కోసి, లోపలి రాగి జల్లెడ వెనక్కి దువ్వి, తెల్ల తోలు చీల్చింది. నడిమి తీగకి సూది తొడిగి పట్టకారుతో నొక్కింది. గొట్టం ఎక్కించి మళ్ళీ నొక్కింది. లాగి చూసింది, కదల్లేదు. తన గదిని తప్పించుకుపోయే వైరుకి ఆమె బిగించినంత బాగా ఇంకెవరూ బిగించలేరు.

తోర్స్తి తన కిటికీ గాలి తలుపులోంచి వైరు బయటికి వదిలాడు. యుర్కి తన గదిలోంచి కర్రతో అందుకున్నాడు. ఆమె అద్దం ముందునుంచి నల్లటి గీత ఒకటి ఊగుతూ పోయి బిగుసుకుంది.

పనిముట్లు తిరిగివ్వడానికి యుర్కి వచ్చినప్పుడు టైనా ఒక్క వాక్యమే చెప్పింది. ముందే తయారు చేసి పెట్టుకుంది, ఎవరూ మధ్యలో దూరలేనంత చిన్నది.

"వినకుండా మాట్లాడేదానికి ఢీలు తెలీవు."

యుర్కి ఏదో అనబోయాడు. ఆగాడు. సంచీ గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున వైరు పరుగెత్తింది. పరుగంటే అలాంటిలాంటి పరుగు కాదు. తోర్స్తి వంటింట్లో చెప్పినదాని ప్రకారం, ఉత్తరాలు రాయకముందే వచ్చేస్తున్నాయి.

"నీతో చెప్పకూడదనుకున్నా," అన్నాడు, ఆమెకి కూడా ఒక యాలకుల బన్ను తుంచి ఇస్తూ. "కానీ నిజంగానే బాగుందే. నువ్వు పోగానే."

"పోయింది నేనా, ఇంకేమైనా మారిందా?"

"ఇంకేం మారుతుంది?"

సోయిలి ఎదురొచ్చి, ఆగి, నేల వైపు చూస్తూ, "'నేను నిన్ను వసంతంలో చూడ్డానికి వస్తా' అని రాశాడు," అంది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు టైనా మీద పడగానే సిగ్గుపడి ఆరిపోయింది.

టైనా గదిలో కూర్చుంది. ఇటు గోడలోంచి తోర్స్తి కీబోర్డు టకటక, మధ్యలో అతని నవ్వు. పలక మీద ఎవరో ఏదో అని ఉంటారు. గోడ మీద తడితే ఏమిటని అడగొచ్చు. తట్టలేదు. మూత మళ్ళీ విప్పి, కార్డు పైకి లాగి, దీపం కింద తిప్పి తిప్పి చూసింది. ఎక్కడైనా నల్లబడిందా, ఎక్కడైనా పగిలిందా. తను చదివిన వాక్యం గుర్తుతెచ్చుకుంది. అది తప్పుగా అర్థం చేసుకుందేమో. అంతమంది చేతులెత్తారు. తను తీసెయ్యగానే వైరు బాగైంది. కళ్ళముందు జరిగినదానికన్నా ఆ వివరం అడుగున ఉన్న వాక్యం ఎక్కువా? కార్డు నిజంగానే చెడిందేమో అనుకుంది మొదటిసారి. కార్డుని పాత ఉన్ని టోపీలో చుట్టి సొరుగులో పెట్టింది.

సొరుగు మూశాక, ఆ గదిలో ఉండటం కష్టమైంది. కోటు వేసుకుని నది మీదికి పోయింది. కిందినుంచి చూస్తే హాస్టల్ గోడ మీద ఆ వైరు కనపడుతోంది. ఒక్క కిటికీ ముందు మాత్రం.

శనివారం సౌనాలో ఆవిరి స్నానాల రోజు. మధ్యాహ్నం నుంచే కెర్తూ మామ్మ కింద పొయ్యి రాజేసేది. వంతు వచ్చేదాకా అందరూ ఎవరి గదుల్లో వాళ్ళు, పలక మీద. వారం మొత్తంలో వైరు కిక్కిరిసిపోయే వేళ అదే.

టైనా తువ్వాలు మడతపెడుతుంటే బయట ఏదో టప్‌మంది. తలెత్తి చూసింది. కిటికీ ముందు నల్ల గీత లేదు.

తర్వాత వరసగా తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి, ఇంకొకటి, ఆ చివరిది కూడా. మేజోళ్ళతో, తువ్వాళ్ళతో, ఒకడు సబ్బు నురగతో, అంతస్తు మొత్తం వరండాలో నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొందరికి ఆ మొహాలు కొత్త.

యుర్కి తన గడపలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కట్టర్. ఇంకో చేతిలో తెగిన వైరు చివర, మంచు రాలుతూ.

"ఏమైంది గురూ?" అన్నాడు తోర్స్తి.

"కోశాను."

"ఎందుకు?"

యుర్కి గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ ఎదుటివాళ్ళ మాటలు నోట్లోంచి లాక్కునే మనిషికి ఇప్పుడు తన మాటే దొరకడం లేదు.

"గురువారం రాత్రి నా డ్రైవరులో ఒక మాట తీసేశాను. కొత్త కార్డు కొన్నప్పుడు నేనే చేర్చింది. అది తీశాక బాగైంది. టైనాని తీసినందుకు కాదు."

చేతిలోని వైరు మీది మంచు దులిపాడు.

"చెడగొట్టింది నా కార్డు. అది ఎవరినీ వినదు. క్రిస్మస్ నుంచి అందరి మాటల మీదా మాట్లాడుతోంది. టైనా చెప్పబోయింది. మూడుసార్లు."

"గురువారమే తెలిస్తే, మరి నిన్నంతా?" అంది సోయిలి. ఆ వరండాలో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"నిన్నంతా చెప్పలేదు. అందరూ వైరు బాగైందని మెచ్చుకుంటున్నారు. బాగుంది వినడానికి."

"పలక మీద రాస్తే పోయేదిగా. కొయ్యడం దేనికి?" అన్నాడు తోర్స్తి.

"రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. అక్కడ రాస్తే మీరందరూ పర్లేదు అని రాస్తారు, ఓ నవ్వు బొమ్మ పెడతారు, అయిపోతుంది. టైనాకి కనపడదు కూడా. ఆమె దగ్గర వైరు లేదుగా." చేతిలోని చివర వైపు చూసుకున్నాడు. "ఇది తెగితే తప్ప మీరెవరూ బయటికి రారు."

అప్పుడతను టైనా వైపు చూశాడు. అందరూ చూశారు. ఏదో అంటుందని ఎదురుచూశారు. యుర్కి నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆమె ఏం చెప్పబోతుందో అతనికి తెలియలేదు.

టైనాకి కోపం వచ్చింది. ఈ వారమంతా రానిదంతా ఇప్పుడే వచ్చింది. అందులో ఎక్కువ భాగం, సొరుగులో టోపీలో చుట్టిపెట్టిన కార్డు గురించి.

"నిన్న నేను నా కార్డుని అనుమానించా," అంది. "నీవల్ల. అది నాకు బాగోలేదు యుర్కీ."

"తెలుసు," అనబోయి, యుర్కి ఆగాడు. "తెలీదు. చెప్పు."

ఆమె చెప్పింది. పెద్దగా ఏం లేదు, నాలుగైదు వాక్యాలు. మధ్యలో ఎవరూ దూరలేదు. సబ్బు నురగవాడి మీద నురగ ఎండిపోయింది.

"నియమం కూడా తీసేస్తా, గదిలో వైరు ఉండకూడదన్నది," అన్నాడు యుర్కి చివరికి.

"ముందు ఆ వైరు ఇటివ్వు. పట్టుకుని నిలబడితే అతుక్కోదు."

వరండాలోనే, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పని మొదలుపెట్టింది. తోర్స్తి టీ ముక్క తెచ్చాడు. సోయిలి దీపం పట్టుకుంది. యుర్కి వైరు పట్టుకోవడానికి పక్కన కూర్చుంటే, తోలు ఎంత మేర కొయ్యాలో, జల్లెడ ఎలా వెనక్కి దువ్వాలో, గొట్టాన్ని ఎక్కడ నొక్కాలో అతని చేతే చేయించింది. మొదటిది ఊడింది. రెండోది ఊడింది. మూడోదాన్ని తోర్స్తి పళ్ళతో లాగి చూసి, పర్లేదన్నాడు.

పాత బెజ్జంలోంచి వైరు టైనా గదిలోకి వచ్చి, అటు బెజ్జంలోంచి యుర్కి గదిలోకి వెళ్ళింది. టైనా సొరుగు తీసి, కార్డుని టోపీలోంచి విప్పి, అంచులు పట్టుకుని దాని చోట్లో నొక్కింది. టక్‌మని కూర్చుంది. మీట నొక్కింది. తెల్ల వరసల్లో కార్డు పేరు వచ్చింది.

"అయింది. వెళ్ళి చూసుకోండి," అంది లోపలి నుంచే.

ఎవరూ వెళ్ళిన చప్పుడు కాలేదు. పలక తెరిచి చూసింది. ఖాళీగా ఉంది. ఎవరైనా రాస్తారేమోనని కాసేపు ఆగింది. గోడ అవతల తోర్స్తి కీబోర్డు చప్పుడు లేదు. యుర్కి వైపునా లేదు.

బయట సోయిలి ఎవరికో, ట్రాంసోలో వసంతం ఎప్పుడొస్తుందో చెబుతోంది. ఆమె మాట పూర్తవకముందే ఇంకొకడు అక్కడ వసంతం రాదని వాదిస్తున్నాడు. ఎవరో గట్టిగా నవ్వారు. కింది నుంచి కెర్తూ మామ్మ, సౌనా చల్లారిపోతోంది, వంతు ఎవరిదిరా సన్నాసుల్లారా, అని అడుగుతోంది. ఎవరూ జవాబు చెప్పడం లేదు.

టైనా తెర ఆర్పేసి, మేజోళ్ళతోనే బయటికి వచ్చింది.